ఉత్తరం ఖర్చు సర్కారుది, మరి మెసేజ్ ఖర్చు ఎవరిది?

పోలీస్ వెరిఫికేషన్ కబుర్లు కవర్లలోంచి ఫోన్‌లోకి మారాయి కదా, దానివల్ల మీకు కలిసొచ్చింది ఎంత, చేతి చమురు వదిలింది ఎంత అని పోయిన సంచికలో అడిగాం. పాస్‌పోర్టుకో, ప్రభుత్వ ఉద్యోగానికో, గల్ఫ్ వీసాకో మన పాత చరిత్ర తిరగేసే పనిది. ఉత్తరాలు బాగానే వచ్చాయి, గోదావరి జిల్లాలవే ఎక్కువ. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ కోరారు కాబట్టి ఊళ్లతో సరిపెట్టాం.

ప్రశ్న: మా పిన్ని కూతురు కువైట్ వెళ్దామని నెట్ సెంటర్‌లో పాస్‌పోర్టుకి పెట్టించామండీ. మెయిల్ ఐడీ లేదంటే ఆ అబ్బాయే తనది పెట్టేశాడు. ఫోన్ నంబరు మా చెల్లిదే, కాకపోతే ఆ సిమ్ రీచార్జ్ చేయించక ఆగిపోయింది. వెరిఫికేషన్‌కి ఎవరో ఫోన్ చేశారట, కలవలేదట, ‘ఈ చిరునామాలో లేరు’ అని రిపోర్టు వెళ్లిపోయింది. వివరణ అడుగుతూ వచ్చిన మెయిలేమో నెట్ సెంటర్ అబ్బాయి ఖాతాలో ఎవరూ చూడకుండా పడుంది. అదే కవరు వచ్చుంటే మా పోస్ట్‌మ్యాన్ చెరువు గట్టు మీద కనిపించినా పిలిచి ఇచ్చేవాడు. ఏజెంటేమో ఇంకా కాలేదా అని కోప్పడుతున్నాడు. తప్పు మాదంటారా, వాళ్లదంటారా? – మలికిపురం

జవాబు: తప్పెవరిదో తర్వాత చూద్దాం, ముందు పని కానివ్వండమ్మా. ఫైల్ నంబరు, పుట్టిన తేదీ ఉంటే చాలు, పాస్‌వర్డ్ లేకపోయినా పాస్‌పోర్ట్ సేవా సైట్లో దరఖాస్తు ఏ దశలో ఉందో చూసుకోవచ్చు. ఆ నెట్ సెంటర్‌కి వెళ్లి మెయిల్ ప్రింటు తీయించండి, లాగిన్ పాస్‌వర్డ్ మీ చేతికి తెచ్చుకోండి. తర్వాత ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయంలో ఎంక్వైరీ అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ ఇంట్లోనే ఉంటున్నట్టు కాగితాలు చూపించి మళ్లీ వెరిఫికేషన్‌కి పంపమని రాతపూర్వకంగా అడగండి. ఏమైనా అనుమానముంటే 1800 258 1800కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఇప్పుడు తప్పు సంగతి. పక్కవాడి మెయిల్ పెట్టించుకోవడం మీ తప్పే, మొహమాటం లేకుండా చెబుతున్నా. కానీ మెయిల్ ఐడీ లేని ఆడపిల్లకు మెయిల్ తప్పనిసరి చేసి, దాన్ని ఎవడో ఒకడు పెట్టక తప్పని పరిస్థితి తెచ్చినవాళ్లది కూడా తప్పే.

లెక్క ఒకసారి చూడండి. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. 50 గ్రాముల లోపు కవరు వేరే ఊరికి పంపాలంటే 47 రూపాయలు, కవరు మీద పేరున్న మనిషి చేతికే ఇవ్వాలంటే ఇంకో 5, పైన జీఎస్టీ. 60 దాటుతుంది. మెసేజ్ ఖర్చు పైసల్లో ఉంటుంది, మెయిల్‌కి అదీ లేదు. దస్త్రాల్లో చూస్తే పెద్ద ఆదా. అయితే ఆ 60 రూపాయలు ఎక్కడికీ పోలేదమ్మా, మీ ఇంటికొచ్చాయి, అదీ పెరిగి వచ్చాయి. నెట్ సెంటర్ రుసుము, ఆగిపోకుండా సిమ్ రీచార్జ్, పాస్‌పోర్ట్ కార్యాలయం దాకా బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలి, ఏజెంటు చీవాట్లు. ఇవేవీ ఏ బడ్జెట్ కాగితంలోనూ కనబడవు. ఇది చాలదన్నట్టు పాస్‌పోర్టు దరఖాస్తులో అదనంగా డబ్బు కట్టి ఎంచుకునే ఎస్సెమ్మెస్ సేవ కూడా ఒకటుంది. అంటే కబురు పంపే ఖర్చు కూడా మనమే పెట్టుకోవచ్చన్నమాట.

చట్టం మాట ఇంకో మెలిక. రిజిస్టర్డ్ కవరైతే సరైన చిరునామాకి స్టాంపులు అంటించి పంపితే అందినట్టే లెక్క, కానీ అందలేదని రుజువు చేసుకునే వీలు ఉంటుంది, పోస్ట్‌మ్యాన్ రాత ఉంటుంది, సంతకం ఉంటుంది. మెయిల్ సంగతి 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షన్ చూస్తుంది. మీరు ఫలానా ఐడీ అని ఇచ్చాక, అక్కడ మెయిల్ పడిన క్షణమే మీకు అందినట్టు. తెరిచారా, చదివారా, అసలు అది మీదేనా అన్నది దానికి అక్కర్లేదు. నెట్ సెంటర్ అబ్బాయి పెట్టెలో పడితే మీ చేతిలో పడ్డట్టే.

అన్నట్టు, మీ చెల్లెలు ఇంటిపనికి వెళ్తోందని అనుకుంటున్నా. పదో తరగతి పాసవ్వకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ (వలసకు ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి) కింద వస్తుంది, అలాంటి ఆడవాళ్లను 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్ ఇళ్లల్లో పనికి పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు. విజిట్ వీసా మీద పంపిస్తానని ఏజెంటు అంటే కోప్పడాల్సింది మీరు, ఆయన కాదు. విదేశాలకు పనికెళ్లేవాళ్ల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైట్లో నమోదైన ఏజెంటేనా అన్నది ముందు చూసుకోండి.

ప్రశ్న: నేను కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. ఒక మనిషి మీద కేసులున్నాయో లేవో చూడ్డానికి ఇంకా కానిస్టేబుల్ ఇంటికి రావడం, పక్కింటివాళ్ల సంతకాలు, టీ నీళ్లు ఎందుకండీ? స్టేషన్లన్నీ నెట్‌వర్క్‌తో కలిపారు కదా. బటన్ నొక్కాలి, ఫలితం మెసేజ్‌లో రావాలి. ఖర్చు ఖర్చు అని దీన్నెందుకు సాగదీస్తారు? – భీమవరం

జవాబు: మాస్టారూ, బటన్ దాదాపు ఉంది. ముంబై దాడుల తర్వాత, 2009లో, దేశంలోని స్టేషన్లను కలపడానికి సీసీటీఎన్‌ఎస్ అని 2,000 కోట్ల పథకానికి కేంద్రం ఒప్పుకుంది. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి పోలీసుల చేతికి ఎంపాస్‌పోర్ట్ పోలీస్ యాప్ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలో దాన్ని మొదలుపెట్టినప్పుడు 15 రోజుల పని 5 రోజులకు దిగుతుందన్నారు. వేగం వచ్చిన మాట నిజం, దాన్ని కాదనే మూర్ఖత్వం నాకు లేదు.

ఇబ్బంది బటన్‌తో కాదు, బటన్ వెనక ఎవరో ఎప్పుడో టైపు చేసిన దానితో. మన అన్నవరం స్వామి దయ వల్ల ఈ జిల్లాల్లో ఏ సెంటర్‌లో నిలబడి సత్యనారాయణా అని పిలిచినా నలుగురు తిరిగి చూస్తారు. ఎఫ్ఐఆర్‌లో ‘కె. సత్యనారాయణ, తండ్రి వెంకన్న’ అని ఉంటుంది, ఇంటిపేరు పూర్తిగా ఉండదు, వయసు ‘సుమారు 35’ అని ఉంటుంది. పైగా 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం వాడి ఆధార్‌లో తూర్పు గోదావరి, కొత్త కాగితంలో కోనసీమ. కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు ఒకరిలా, ఒకే మనిషి ఇద్దరిలా కనబడడానికి ఇంతకన్నా ఏం కావాలి? గడప దాకా వచ్చిన కానిస్టేబుల్‌కైతే ఎదురింటి ముసలమ్మ చెప్పేస్తుంది, ‘ఆ కొట్లాట సత్యం వేరు బాబూ, సైకిల్ షాపు వాడు, వీడు కాదు’ అని. ఆ దిద్దుబాటు మనకు ఉచితంగా దొరికేది. మీరు టీ నీళ్లు అంటున్నది దాన్నే. టీ పేరు చెప్పి వందలు అడిగేవాళ్లు ఉన్నారు, లేరనను. కానీ దాన్ని పోగొట్టడానికి మనిషినే తీసేస్తే ముసలమ్మ సాక్ష్యం కూడా పోతుంది.

ఇక ఖర్చెక్కడ అంటే, మెసేజ్ పంపడంలో కాదు. కోర్టులో కేసు కొట్టేశాక ఆ సంగతి స్టేషన్ రికార్డులోకి ఎక్కించడంలో ఉంది. దానికి కూర్చుని ఒక్కో నంబరూ సరిచూసే గుమస్తాలు కావాలి, వాళ్లకు నెలనెలా జీతం కావాలి. యాప్‌ని మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి ప్రారంభించొచ్చు, పాత ఎంట్రీలు దిద్దిన పనికి రిబ్బన్ ఎక్కడ కడతారు?

ఇంకో చిన్న లెక్క. పాస్‌పోర్టు వెరిఫికేషన్ 21 రోజుల్లోపు చేసి పంపితే ఒక్కోదానికి 150 రూపాయలు, గడువు దాటితే 50 – ఇలా రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే పద్ధతి పెట్టారు. త్వరగా చేసినందుకు ఎక్కువ రేటు, సరే. సరిగ్గా చేసినందుకు వేరే రేటు లేదు.

మీ విద్యార్థుల్లో ఎవరికైనా ‘ప్రతికూల నివేదిక’ అని ఒక్క ముక్క మెసేజ్ వస్తే ఇది చెప్పండి. పాస్‌పోర్టు ఇవ్వమని తేల్చేస్తే, 1967 పాస్‌పోర్టు చట్టం 5వ సెక్షన్ ప్రకారం కారణాలు రాసి పెట్టాలి, అడిగితే నకలు ఇవ్వాలి. దేశ భద్రత లాంటి కొన్ని సందర్భాలు మాత్రమే మినహాయింపు. 11వ సెక్షన్ కింద అప్పీలుకి 30 రోజులు గడువు. మెసేజ్‌లో కారణం లేదని ఊరుకుంటే ఆ రోజులు కరిగిపోతాయి.

ప్రశ్న: ‘మీ పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ పెండింగ్, 5 రూపాయలు కట్టి అపాయింట్‌మెంట్ ఖరారు చేసుకోండి’ అని లింకుతో మెసేజ్ వచ్చింది. మా అబ్బాయి నిజంగానే అప్లై చేసి ఉన్నాడు. నొక్కమంటారా? – పాలకొల్లు

జవాబు: వద్దు. పెద్దవాళ్ల 36 పేజీల పాస్‌పోర్టుకి 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000, ఇది ముందే కట్టేసి ఉంటారు. పోలీస్ వెరిఫికేషన్‌కి విడిగా రుసుము లేదు, 5 రూపాయలూ లేదు, ఇంటికొచ్చినాయన అడిగే 500లూ లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చిన నిబంధనతో ప్రభుత్వ మెసేజ్ పంపినవారి పేరు చివర ‘జీ’ అన్న ఇంగ్లిషు అక్షరం వస్తోంది. పది అంకెల మామూలు నంబరు నుంచి వస్తే అప్పుడే అనుమానించాలి. సైట్ చిరునామా చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే తెరవొద్దు. ఇప్పటికే నొక్కి డబ్బు పోయిందా, ఆలోచించుకుంటూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తొలి గంటల్లో చెబితేనే ఆపే అవకాశం ఉంటుంది. కవరు చించినందుకు బ్యాంకు ఖాతా ఖాళీ అయిందని నేనెప్పుడూ వినలేదు, ఈ ఖర్చు కూడా కొత్త పద్దులోనే రాసుకోవాలి మరి.

ప్రశ్న: ఒక ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాను సర్. కొన్నేళ్ల కిందట సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర నిలబడ్డవాళ్లందరితో పాటు నన్నూ జీపెక్కించి కేసు రాశారు. కోర్టుకి వెళ్లి ఫైన్ కట్టేశాను, అంతటితో మర్చిపోయాను. ఇప్పుడు అటెస్టేషన్ ఫారం ఆన్‌లైన్‌లో నింపమని లింకు వచ్చింది. ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా, శిక్ష పడిందా’ అన్నదానికి అవును, కాదు అని రెండే ఉన్నాయి, సంగతేంటో రాద్దామంటే ఖాళీ లేదు. ఫైన్ కట్టేస్తే కేసు లేనట్టేనని మా బాబాయ్ అంటున్నాడు. ‘కాదు’ నొక్కేయనా? మూడు రోజుల్లో లింకు మూసేస్తారట, టెన్షన్‌గా ఉంది. – ఆకివీడు

జవాబు: నొక్కకు తమ్ముడూ. మీ బాబాయ్ మీద ప్రేమ ఉంటే ఉండనీ, ఆయన మాట మాత్రం వినకు. తప్పు ఒప్పుకొని జరిమానా కట్టావంటే కోర్టు లెక్కలో నీకు శిక్ష పడినట్టే, అది 200 రూపాయలైనా సరే. మన వైపు కుర్రాళ్లలో సగం మందికి ఈ సంగతి తెలియదు. పండగ హడావుడిలో 1974 గేమింగ్ చట్టం కింద కేసు రాస్తారు, ‘ఫైన్ కట్టేయ్, పోతుంది’ అని ఎవరో అంటారు, కట్టేస్తారు. పోదు, కాగితంలో ఉంటుంది. పండక్కి ముందు తహసీల్దార్ దగ్గర బైండోవర్ చేయడం, అంటే గొడవలకు పోనని పూచీ రాయించుకోవడం వేరు, అది శిక్ష కాదు. కానీ ఫారంలో దాని గురించి అడిగితే అదీ చెప్పాల్సిందే.

ఇలాంటి వాటి మీద సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి 2016 జులైలో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. అరెస్టు, పెండింగ్ కేసు, శిక్ష – ఫారంలో స్పష్టంగా ఏది అడిగితే దానికి నిజమే రాయాలి. దాచితే ఎంపిక రద్దు చేయొచ్చు. అయితే చిన్నవయసులో నినాదాలు చేయడంలాంటి చిల్లర వ్యవహారమైతే యజమాని పెద్దమనసుతో చూసి వదిలేయవచ్చు అనీ చెప్పింది. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని కాదు, నీ కేసు బరువెంతో వాళ్లు చూడాలి. అంటే నీ బరి దగ్గర కేసు కన్నా ‘కాదు’ అన్న క్లిక్కే నిన్ను ముంచే అవకాశం ఎక్కువ.

‘అవును’ నొక్కు. నొక్కిన పేజీ ఫొటో తీసి పెట్టుకో. ఫైన్ కట్టిన కోర్టులో ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి ఇవాళే దరఖాస్తు పెట్టు. ఆ రోజు ఏం జరిగిందో ఒక్క పేజీలో, ఎవర్నీ తిట్టకుండా రాసి, నియామకం చేసే కార్యాలయానికి స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ చేయించి పంపు, రసీదు జాగ్రత్త. అదే కాగితం వాళ్ల మెయిల్‌కీ పంపు. పంపేముందు భీమవరంలో క్రిమినల్ కేసులు చూసే ప్లీడరు ఎవరికైనా ఆ పేజీ చూపించు, ఫీజు ఇచ్చే చూపించు.

పాత కాగితపు ఫారంలో అంచున ఇంత చోటుండేది, కొక్కిరి రాతతోనైనా ‘ఫలానా పండక్కి, ఫలానా చోట, జూదం కేసు, ఇంత జరిమానా’ అని ఇరికించేవాళ్లు. నువ్వు చెప్పిన ఫారంలో ఆ చోటు పోయింది. రెండు గడులతో ఫారం తయారు చేసినాయనకు టైపింగ్ పని తప్పింది, నీకేమో ప్లీడరు ఫీజు, కోర్టు కాపీ, స్పీడ్ పోస్టు పడ్డాయి. ఇంకో గడి పెట్టడానికి ఎంతవుతుందని?

ప్రశ్న: మా వారు కానిస్టేబులండీ. వెరిఫికేషన్ పనంతా ఫోన్‌లోనే అయింది. లంక గ్రామాల్లో సిగ్నల్ ఉండదు. అక్కడ ఫొటోలు తీసుకుని, పడవ దాటి ఇటొచ్చాక గట్టు మీద నిలబడి ఎక్కిస్తారు. డేటా మాదే, పెట్రోలు మాదే. లేటయితే పైనుంచి ఫోను. జనమేమో ‘అంతా ఫోన్లోనే కదా, మీకేం కష్టం’ అంటారు, పైగా చేతులు చాపుతారన్న నింద. మా ఖర్చు ఎవరు రాస్తారండీ? – సఖినేటిపల్లి

జవాబు: మీరు రాశారుగా, ఇక్కడ వేశాం. ఇంతకుముందు జవాబులో 150 రూపాయల సంగతి చెప్పాను. అది రాష్ట్రానికి వచ్చే డబ్బు. మీ ఆయన పెట్రోలు దాకా దిగి వస్తుందని నేను అనుకోను. పని ఫోన్‌లోకి మారినప్పుడు కార్యాలయానికి కాగితం, తపాలా మిగిలాయి. కింది మనిషికి ఫోను, డేటా, తిరుగుడు చేరాయి. అక్కడి నుంచే ‘ఖర్చులకి ఏదైనా చూడండి’ అన్న మాట పుడుతుంది. అది న్యాయమని అనను, అడగడం తప్పే, అడిగినవాడికి ఇవ్వనక్కర్లేదని పాలకొల్లు ఆయనకూ చెప్పాను. కానీ ఖర్చు కింది మనిషి నెత్తిన పడేసి, మీదికి నీతులు చెబితే ఆ మాట ఆగదు.

సిగ్నల్ లేనిచోట నింపుకుని, వచ్చాక దానంతటదే వెళ్లిపోయేలా యాప్ చేయడం ఈ రోజుల్లో బ్రహ్మవిద్యేం కాదు. వరదొచ్చిన రోజులను గడువులోంచి తీసేయాలి. 2022 జులై వరదప్పుడు లంకల్లో ఇళ్ల చూరులదాకా నీళ్లు ఉంటే ఏ ఇంటి తలుపు తట్టి చిరునామా చూస్తారు? ఈ రెండూ కొనడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, పడవెక్కి ఒక్కసారి అవతలి గట్టుకి వెళ్లొచ్చిన అధికారి ఎవరైనా ఉంటే చాలు.

ప్రశ్న: కువైట్‌కి పీసీసీ (మన మీద కేసుల్లేవని చెప్పే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) కావాలన్నారు. స్టేషన్ నుంచి తెచ్చుకున్న సర్టిఫికెట్ చాలదా? – రావులపాలెం

జవాబు: చాలదు. విదేశాలకు పాస్‌పోర్ట్ సేవా ద్వారా పాస్‌పోర్ట్ కార్యాలయం ఇచ్చేదే చెల్లుతుంది, రుసుము 500. స్టేషన్‌ది ఇక్కడి ఉద్యోగాలకు పనికొస్తుంది. ఏజెంటు రెండిటికీ డబ్బు తీసుకుని ఉంటే ఒకటి వెనక్కి అడగండి.

ప్రశ్న: బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీ ధోరణి చూస్తే ఉత్తరాలే మేలంటున్నట్టుంది. మా డిపార్ట్‌మెంట్ మీద అభిమానానికి సంతోషమే గానీ, వర్షాకాలంలో తడిసి అంటుకుపోయిన కవర్లు, పక్క ఊరికి పోయి తిరిగొచ్చిన కవర్లు నేనెన్ని చూశానో మీకు తెలియదు. – ముమ్మిడివరం

జవాబు: అయ్యా, మీరు అన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నేను ఉత్తరాల భక్తుణ్ణి కాను. 2013 జులైలో టెలిగ్రామ్ ఆపేశారు, ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. మెసేజ్ రావాలి, యాప్ ఉండాలి, పని 5 రోజుల్లో కావాలి.

నాకున్న పేచీ ఒక్కటే. శుభవార్తకీ, చెడువార్తకీ ఒకే మెసేజ్ చాలనుకోవడం. ‘మీ వెరిఫికేషన్ పూర్తయింది’ అన్న మెసేజ్ పోయినా నష్టం లేదు, పాస్‌పోర్టు ఎలాగూ స్పీడ్ పోస్టులో ఇంటికొస్తుంది. ‘మీ మీద ఫలానా అభ్యంతరం ఉంది, ఇన్ని రోజుల్లో జవాబు చెప్పండి’ అన్నది పోతే జీవితం తల్లకిందులవుతుంది. దానికి మాత్రం మెసేజ్‌తో పాటు కాగితం కూడా పంపాలి, కారణం తెలుగులో ఉండాలి, గడువు కాగితం చేతికందిన రోజు నుంచి లెక్కపెట్టాలి. అభ్యంతరాలు వచ్చేది అందరికీ కాదు కదా, కొందరికే. ఆ కొందరికి 60 చిల్లర రూపాయల కవరు పంపినంత మాత్రాన ఖజానా ఖాళీ కాదు. దరఖాస్తు రుసుము 1,500 తీసుకున్న చేత్తో ఆ మాత్రం పెట్టొచ్చు.

ఇంకోటి. 2019 అక్టోబర్ 2 నుంచి మన రాష్ట్రంలో ఊరూరా సచివాలయం ఉంది, డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు. 2025 జనవరి 30 నుంచి ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే రాష్ట్ర సేవలు మొదలయ్యాయి. పాస్‌పోర్టు కేంద్రానిది, సచివాలయం రాష్ట్రానిది అని గీత గీసుకుని కూర్చోకుండా, అభ్యంతరం వచ్చిన దరఖాస్తు సంగతి ఊళ్లోనే ప్రింటు తీసి, చదివి వినిపించే ఏర్పాటు చేస్తే మలికిపురం ఆవిడ పాస్‌పోర్ట్ కార్యాలయానికి బస్సెక్కక్కర్లేదు. కట్టేసిన భవనాలు, పెట్టేసిన మనుషులు, కొత్తగా కొనాల్సింది ప్రింటర్ సిరా.

మీరు ఎలాగూ ఊళ్లో అందరికీ తెలిసినవారు. ఈలోగా గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్న ఇళ్లకు ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకోండి, ఫారం నింపేటప్పుడు ఇంట్లో ఉండే మనిషి నంబరు రెండోదిగా ఇమ్మని, మెయిల్ ఐడీ పదో తరగతి పిల్లాడి చేతైనా సరే సొంతంగా చేయించుకోమని.